వినబడని విభక్తులు

నా మనుమనికి ఐదవ యేడు నడుస్తున్నది. సద్దిని 'అద్ది' అంటాడు. సైకిల్‌ను 'ఐకిల్' అంటాడు. ముద్దుమాటలని మురిసిపోయిన వారిలో నేనే మొదటివాణ్ణి. పిలిస్తే పలకడని కొడుకు, టీవీ చప్పుడు పెంచుతాడని కోడలు చెప్పినా నేను చెవిని పెట్టలేదు. చివరకు కరీంనగరంలో చెవి వైద్యురాలికి చూపించాము. ఆమె పిల్లవాని చెవికి చిన్న గొట్టం ఆనించి, గాలి ఒత్తిడిని కొద్దికొద్దిగా మార్చి, యంత్రం గీసిన గీతను మా ముందుంచింది. నడుమ గుట్టవలె శిఖరం లేవవలసిన గీత చదునుగా సాగిపోయింది.

"రెండు చెవులలోనూ కర్ణభేరి వెనుక ద్రవం నిలిచిందండీ" అన్నది.

మిత్రులారా, ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు వర్ణమాల చెప్పినవాణ్ణి నేను. పరుషాలేవి, సరళాలేవి, ఊష్మాలేవి, ఏ వర్ణం నోటిలో ఎక్కడ పుట్టును అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ వర్ణం పోయి చేరవలసిన చోటును గూర్చి మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. పండిత శిక్షణలో శ్రవణ, భాషణ, పఠన, లేఖనాలని నాలుగు నైపుణ్యాలు వల్లె వేశాము. మొదటిది పిల్లవానికి అసలు ఉన్నదా అని చూడటం ఎవరూ నేర్పలేదు, మేమూ అడుగలేదు.

వైద్యురాలు చెప్పినదానికి నేను చదివి తెలుసుకొన్నది జోడించి చెబుతాను. కర్ణభేరి వెనుక చిన్న గది ఉంటుంది. దానిలో ఉండవలసినది గాలి. ఆ గాలి ముక్కు వెనుక భాగం నుండి యూస్టేషియన్ నాళం ద్వారా వస్తుంది. మనం మ్రింగినప్పుడు, ఆవులించినప్పుడు ఆ నాళం తెరచుకొంటుంది. చిన్నపిల్లలలో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. పడిశం పట్టినా, ముక్కు వెనుకనున్న అడినాయిడ్ గ్రంథి వాచినా మూసుకొనిపోతుంది. లోపలి గాలిని శరీరం పీల్చుకొంటుంది, ఆ చోట నీరు ఊరుతుంది. కొందరిలో అది జిగురువలె చిక్కబడుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చీము కారదు. చెవి పారే పిల్లవాణ్ణి తల్లి ఆసుపత్రికి తీసుకపోతుంది. ఈ పిల్లవానిది చూపులకు మంచి చెవి.

వినికిడి పూర్తిగా పోదు. సగటున ఓ 25 డెసిబెళ్ళు తగ్గుతుంది, అంటే చెవులలో వ్రేళ్ళు పెట్టుకొని వినడం వంటిది. అచ్చులకు బలమెక్కువ గనుక అవి చేరుతాయి. సకారం వంటి సన్నని ధ్వనులు దారిలోనే ఆగిపోతాయి. మన భాషలో మరొక చిక్కున్నది. అర్థాన్ని మోసే కు, ని, తో, లోలు పదం చివర, గొంతు తగ్గే చోట వస్తాయి. 'చెరువులో' అంటే 'చెరువు' అని విన్నవానికి వాక్యంలో ఎవరు ఎవరిని ఏమి చేసిరో ఎట్లా తెలుస్తుంది?

ఇది తెలిసిననాడు నాకు నిద్ర పట్టలేదు. 1992లో ఉట్నూరు ప్రాంతంలో ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేశాను. మూడవ తరగతిలో ఒక గోండు పిల్లవాడు వెనుక వరుసలో కూర్చునేవాడు. ఉక్తలేఖనంలో విభక్తులన్నీ ఎగిరిపోయేవి. ఇంటిభాష గోండి కదా, తెలుగు పట్టుబడలేదని మేమందరం సరిపెట్టుకొన్నాము. 1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసి, పిల్లలకు వారి భాషలోనే చదువు మొదలుపెట్టించిన సంగతి నాకు తెలుసు. తెలుసుననే గర్వమే నా కన్ను కప్పింది కాబోలు.

వంట చేసే అమ్మ ఒకనాడు నాతో అన్నది: "సారూ, వాడు గోండిల పిలిచినా పలుకడు. ఎనుకనుంచి పిలిస్తె అసలే ఇనడు. పడిశం తగ్గినంక జర మంచిగ ఇంటడు."

రోగ నిర్ణయమంతా ఆ మూడు మాటలలో ఉన్నది. నేను మాత్రం, ఒకనాడు వినిపించి మరొకనాడు వినిపించని చెవి ఎక్కడైనా ఉంటుందా, వాడిది మొండితనమే అనుకొన్నాను. చెవిటివాని ముందర శంఖం ఊదినట్లున్నదని తరగతిలో అందరి ముందు అన్నాను కూడా. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు గనుక. మరుసటి సంవత్సరం దసరా సెలవులకు పోయి తిరిగి రాలేదు. వానికి ఉన్నది ఈ బాధే అని ఇప్పుడు నేను రుజువు చేయలేను. చూపించి ఉండవలసింది.

భయపెట్టడానికి ఇది వ్రాయడం లేదు. చాలామంది పిల్లలకు మూడు నెలలలో దానంతట అదే తగ్గుతుంది. మందులతో పెద్ద ప్రయోజనం లేదట. వేడి నూనె పోసే మన అలవాటు వలన కూడా ఏమీ కాదు, నూనె కర్ణభేరిని దాటి పోదు గదా. ఇంటిలో బీడీ పొగ మాత్రం మానాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ వైద్యుడు జాక్ పారడైజ్ బృందం పిల్లలను ఏండ్ల తరబడి గమనించి 2001 నుండి 2007 వరకు ఫలితాలు ప్రకటించింది. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు వెంటనే కర్ణభేరిలో సన్నని గొట్టం అమర్చినా, కొన్ని నెలలు ఆగి చూచినా, తరువాతి భాషలో, బుద్ధిలో తేడా కనబడలేదట. కనుక తొందర వద్దు. అయితే ఆగి చూడటం వేరు, చూడకనే ఊరుకోవడం వేరు. నెలలు గడిచినా వినికిడి తగ్గే ఉంటే గొట్టం సంగతి వైద్యులే నిర్ణయిస్తారు. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వస్తున్నాయి. ఫలానా పిల్లవాని చెవులు చూడండని వారికి చెప్పవలసింది ఉపాధ్యాయుడే.

వచ్చే నెలలో మా వానికి మళ్ళీ ఆ గీత గీయించాలి. అంతవరకు టీవీ ఆపి, వాని ఎదుట కూర్చుని, ముఖం చూపిస్తూ మాట్లాడుమన్నది వైద్యురాలు. నిన్న సాయంత్రం అట్లాగే కూర్చుంటే వాడు నా పెదవుల వంకే చూస్తూ "తాతా, ఐకిల్ తొక్కుదామా" అన్నాడు. "సైకిల్ తొక్కుదాం పా" అన్నాను, కొంచెం గట్టిగా.