సూర్యుడు సెలవు పుచ్చుకున్న ఊరు

నార్వే దేశపు ఉత్తరపు కొసన ట్రోమ్సో అని ఒక పట్టణం. మావారి ఉద్యోగం ధర్మమా అని, కాలేజీకి సెలవు పెట్టి నేనూ ఇక్కడికి చేరాను.

అక్టోబరులో కొండల నెత్తిన మంచు పడింది. ఇక పగలు కరిగిపోసాగింది. నవంబరు 21 ప్రాంతంలో కొండల చాటుకు దిగిన సూర్యుడు, మళ్ళీ జనవరి 21 దాకా ఊరికి మొహం చూపడు! చిమ్మచీకటి అనుకునేరు, మధ్యాహ్నం రెండు మూడు గంటలు నీలివెలుగు ఉంటుంది. అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చని ప్రవాహం ధర్మమా అని సముద్రమూ గడ్డకట్టదు.

రాజమండ్రిలో మా అత్తగారు సూర్యుడికి దణ్ణం పెట్టనిదే మంచినీళ్ళయినా ముట్టరు.

"సూర్యుణ్ణి చూడకుండానే కాఫీ తాగేస్తున్నారటే?" అన్నారు ఫోనులో.

నాకు జవాబు తోచలేదు. రెండు నెలలు ఉపవాసం ఉండలేం కదా! ఎదురింటివాళ్ళు కిటికీలో కాగితపు నక్షత్రం కట్టి, లోపల దీపం వెలిగిస్తున్నారు. క్రిస్మసు ముందు ఇక్కడ ఇంటింటా ఇదే వేడుక. ఆ మాటే చెప్పాను.

ఆవిడ కాసేపు ఊరుకున్నారు.

"మన కార్తీకదీపాల్లాగేనన్నమాట. నువ్వూ ఒకటి పెట్టమ్మా. మీ వంతు దణ్ణం ఇక్కడ నేను పెడతాలే."

అక్కడి గడియారం మాకంటే నాలుగున్నర గంటలు ముందు. చీకట్లో లేచి నేను కాఫీ కలుపుకునేసరికే, మా వంతు దణ్ణం చెల్లిపోయి ఉంటుంది.