ప్రయోజనము లేని రచన

కవాటబంధనానంతరము పైథాన్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాసికొనుట నాకు ప్రీతి. వానిలో ఒకటి ఘనపాఠ క్రమమును కూర్చును: మూడు పదముల నిచ్చినచో 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అను వరుసలో 13 ఉచ్చారణలను తెరపై నిలుపును. వేరొకటి పింగళుని ప్రస్తారము. షడక్షర పాదమునకు గల 64 లఘుగురు భేదములను చూపును.

“మన కోనసీమలో వేదపండితులుండగా ఈ యంత్రమేల?” అని మిత్రులు ప్రశ్నింతురు. నిజమే. అది స్వరము నెరుగదు, సంధి నెరుగదు. అవి గురుముఖమున లభింపవలసినవే. నాకు కంఠస్థమైనదానినే అది మరల చూపుచున్నది.

మరి ఆనందమెక్కడిది? ఆప్తకాముడగు ఈశ్వరునకు సృష్టివలన పొందవలసినదేదియు లేదు. కనుకనే బ్రహ్మసూత్రములు సృష్టిని లీల యన్నవి. మన కర్మలన్నియు ఏదో కొరతనుండి పుట్టునవే. ఫలాపేక్ష లేక కూర్చిన అల్పరచనయందు ఆ లీల యొక్క ఛాయ లేశమాత్రముగా గోచరించును.

అయితే సాధకుడు ఒకచోట జాగరూకుడు కావలెను. “దీనిని ఎవరికి చూపుదును?” అను తలంపు కలిగిన క్షణముననే లీల కర్మగా మారును. ఆ తలంపు వచ్చిన రాత్రి నేను కంప్యూటరును కట్టివేసి జపమునకు కూర్చుందును.