వణికే తోక చుట్టం!

ఎల్బీనగర్‌ నుంచి విజయవాడ రహదారి మీద హయత్‌నగర్‌, అబ్దుల్లాపూర్‌మెట్‌ దాటితే బాటసింగారం. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఇక్కడికి తరలినప్పటి నుంచీ ఆ పేరు వింటే మామిడికాయల లారీలే గుర్తొస్తాయి. కానీ, అంతకు ఎంతో ముందు నుంచే నగర శివార్లలోని రాళ్లగుట్టలకు ఏటా చలికాలంలో ఓ చుట్టం వస్తోంది. అదీ హిమాలయాల వైపు నుంచి!

ఆ పిట్ట పేరు నూనెబుడ్డిగాడు. ఇంగ్లిషులో బ్లాక్‌ రెడ్‌స్టార్ట్‌. పిచ్చుకంత ఉంటుంది. మగదానికి వీపు, రొమ్ము మసిపూసినట్టు నలుపు. పొట్ట, తోక మాత్రం నిప్పుకణికల రంగు. ఆడపిట్టది మట్టిరంగు, తోక ఒక్కటే ఎరుపు.

చాలామంది దీన్ని నల్లంచి అనుకుంటారు. అదీ నల్లనిదే, గుట్టల్లోనే ఉంటుంది. అయితే నల్లంచి ఏడాది పొడవునా ఇక్కడిదే. దాని ఎరుపు తోక కిందే దాగి ఉంటుంది. పైగా తోకను నిటారుగా ఎత్తి నిలబడుతుంది. నూనెబుడ్డిగాడి తోక చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంటుంది. ఈ ఒక్క గుర్తు చాలు, పోల్చుకోవడానికి.

బండ మీదో, పిట్టగోడ మీదో ఒంటరిగా కూర్చుంటుంది. చీమో, పురుగో కనిపించగానే నేల మీదికి దూకి నోట కరచుకుంటుంది. మళ్లీ ఎత్తు మీదికి చేరుతుంది.

దీని పుట్టిల్లు హిమాలయాలు, టిబెట్టు ప్రాంతాల్లోని రాతివాలులు. రెండున్నర వేల నుంచి అయిదు వేల మీటర్ల ఎత్తులో, రాళ్ల సందుల్లో గూడు కడుతుంది. అక్కడ చలి ముదిరేలోపు దక్షిణానికి బయల్దేరి, వేసవి ముదిరేలోపు వెనుదిరుగుతుంది. అసలైన పాట పాడేది ఎక్కువగా ఆ కొండల్లోనే. మనకు వినిపించేది ‘విట్‌... విట్‌’ అనే పిలుపే.

అంత దూరం నుంచి వచ్చి ఇది వెతుక్కునేది పచ్చని తోటల్ని కాదు... రాళ్లూ, తుప్పలూ ఉన్న బీళ్లని! మన లెక్కలో అవి పనికిరాని నేలలు. అందుకే దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ నల్లరాతి గుట్టలు పగిలి కంకరవుతున్నాయి, చదునై ప్లాట్లవుతున్నాయి. తోటలైతే మళ్లీ నాటుకోవచ్చు. గుట్టను నాటలేం కదా!

ఈసారి నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య అటు వెళ్తే, పొద్దున్నే ఓ గుట్ట దగ్గర పిల్లలతో కాసేపు ఆగండి. చప్పుడు చేయకుండా నిలబడితే చాలు. ఏదో ఒక బండ మీద చిన్న ఎర్ర తోక వణుకుతూ కనిపించవచ్చు.