ఓరుగంటి మిరపతోటలు



శరదృతువు ప్రవేశించినదనగానే కావ్యములు చదివినవారికి వెన్నెలయు, కలువలును, నిర్మలాకాశమును తలపునకు వచ్చును. వరంగల్లు ప్రాంతపు ఇల్లాలికి మాత్రము మొదట జ్ఞప్తికి వచ్చునది మిరపనారు. భాద్రపదాశ్వయుజములలో నాటిన మొక్క పుష్యమాఘములలో పండును. ఆ పండు ఎండి, దంచబడి, జాడీ కెక్కి మరుసటి యేడాది పొడుగునను మన పప్పునకును పులుసునకును రుచి నిచ్చును. రాబోవు సంవత్సరపు వంటయిల్లు ఈ ఋతువునందే నాటబడుచున్నదన్నమాట. మావారి పాఠశాలకు బతుకమ్మ సెలవులు వచ్చినప్పుడు ఆ నాటుపనిని కన్నులార చూడవలెనని బయలుదేరితిమి.

మొదటి దినమున కోటకు పోయితిమి. ఓరుగంటికి వచ్చినవారు నాలుగు శిలాతోరణములను, ఖుష్‌మహలును చూచి, ఫోటోలు తీసికొని మరలిపోవుదురు. రాతికోటకు వెలుపల మట్టికోట యొకటి కలదనియు, ఆ రెంటి నడుమ నేటికిని జనులు దున్నుకొనుచున్నారనియు పెక్కుమంది యెరుగరు. మేము పోయిన వేళ ఒక మడిలో వంగనారు తీయుచుండిరి. గట్టు ప్రక్కనే శిల్పపు రాయి యొకటి సగము నేలలో దిగబడియున్నది. దానిపై ఎవరో చద్దిమూట పెట్టుకొనిరి.

ఆ గట్టున నిలుచుండగా నాకు క్రీడాభిరామము జ్ఞప్తికి వచ్చెను. ఓరుగంటి వీథులను, పూటకూటింటి భోజనమును ఆ గ్రంథము ముచ్చటగా వర్ణించును గాని, అందలి విస్తరిలో మిరపకాయను వెదకి ప్రయోజనము లేదు. కాకతీయుల రాజ్యము 1323లో అంతరించినది. వాస్కోడగామా కళ్ళికోటకు వచ్చినది 1498లో. అమెరికా ఖండపు పంటయైన మిరపకాయ ఆ తరువాతగాని పోర్చుగీసువారి యోడలమీద మన దేశమునకు రాలేదు. రుద్రమదేవి తిన్న కూరలో ఘాటున్నచో అది మిరియముదో అల్లముదో యై యుండును. మిరియమువంటి కారము గలది గనుకనే దీనికి మిరపకాయ యని పేరు వచ్చినదందురు. పుట్టిల్లు మరచిన కోడలివలె నున్నదే యని నేననగా, అత్తవారింటిపై పెత్తనము చేయుటలోను అంతే యని మావారనిరి. ఆ మాటకు బదులీయక నడచితిని.

మరునాడు నర్సంపేట బస్సెక్కితిమి. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సులలో మన రాష్ట్రపు స్త్రీలకు టికెట్టు వెల లేదు. మావారొక్కరే డబ్బిచ్చిరి. దుగ్గొండి మండలములో ఒక పల్లెకడ దిగి, ఎరిగినవారి తోటకు పోయితిమి.

నల్లరేగడి నేల. శ్రావణమున పోసిన నారు నలువది దినములది, జానెడెత్తున నున్నది. ఇప్పుడు చాలమంది నీడవలల క్రింద పెంచిన నారును నర్సరీలలో కొనుచున్నారు గాని, ఆ యింటివారు నారుమడి తామే పోసికొనిరి. ఎండ వాలిన తరువాత పని మొదలయ్యెను. అచ్చుతీసిన సాళ్లవెంట ఒకతె తడి నేలలో గుంట చేయును, వెనుకనున్నది మొక్కను నిలిపి మడమతో మన్ను నొక్కును. వంగిన నడుము సాలు చివరగాని లేవదు. చేను చుట్టును రెండు మూడు వరుసల జొన్న యున్నది. ఎగిరివచ్చు చిన్నపురుగులకు అది తడికవలె అడ్డము. నడుమ నడుమ బంతిమొక్కలు. కాయతొలుచు పురుగు తల్లి బంతిపూవునే ముందు కోరి గ్రుడ్లు పెట్టునట. పిల్లలు ఆ పూలనే బతుకమ్మకు కోసికొని పోవుచుండిరి. గట్లపై కలుపుగా మొలచిన గునుగును కూడ విడువలేదు.

ఆ తోటలోనిది చపాట మిరప. కాయ పొట్టిగా, లావుగా నుండును. పండినప్పుడు టమాటవలె కనబడును గనుక టమాటమిర్చి యనియు అందురు. కారము తక్కువ, ఎరుపు మిక్కిలి. పచ్చళ్లకు ఆ రంగే కావలెను. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆ గుర్తింపు కాగితముమీదికి ఎక్కకముందు ఈ గింజ ఎక్కడ నుండెనో ఆ యింట చూచితిని. దూలమునకు వ్రేలాడు ఉట్టిలో, మూతికి గుడ్డకట్టిన కుండలో, బూడిదతో కలిపి యుండెను. ఇంటి పెద్దావిడ దానిని దించి చూపెను.

"ప్యాకెట్టు గింజ ఒక్క యేడే బిడ్డా. దాని గింజ మళ్ల పోస్తే ఒక్కో చెట్టు ఒక్కో తీరు కాస్తది. ఇది మా అత్త పెట్టిన గింజ. నేను పెట్టుకుంటనే ఉన్న" అని ఆమె చెప్పెను.

ఏరుటలో ఆమె పద్ధతి యిది. మొదటి కోతను ముట్టదు. రెండవ కోతలో, చేను నడుమనున్న చెట్లలో, తెగులు లేని దానిని చూచి ముందే గుడ్డపేలిక కట్టును. తేనెటీగలు ప్రక్క చేని తేజ మిరప పుప్పొడిని మోసికొనివచ్చినచో, వచ్చు ఏడు చపాటలో కారము చొచ్చును. గట్టుప్రక్క చెట్లను విడుచుట అందులకే. కాయ నీడన ఎండవలెను, గింజ చేతితోనే రాల్చవలెను. ఈ పనికి కూలియు లేదు, లెక్కయు లేదు.

2021లో నల్లతామరపురుగు ఈ జిల్లాలపై పడినది. పూవులోనే చేరి రసము పీల్చుటచే పిందె నిలువలేదు. ఎందరో తోటలు పెరికివేసిరి, అప్పులపాలైరి. ఆ యేట ఆమెకు విత్తనపు కాయయే దొరకలేదు. అంతకు ముందటి యేటి గింజ కుండలో సగము మిగిలియుండుటచేతనే మరల నారు పోయగలిగెను. మిరపగింజ రెండేండ్లకు మించి నమ్మదగినది కాదు. ఇంకొక్క యేడు అట్లే గడచియున్నచో ఆ యింట చపాట లేకుండెడిది.

ఆమె కొడుకు మాట వేరు. సంకరజాతి గింజ వేసినచో దిగుబడి హెచ్చనియు, కుండను చూచి షావుకారు అప్పు మాఫీ చేయడనియు అతడనెను. అతనిని తప్పు పట్టలేకపోయితిని. కోడలు మాత్రము ఏమియు మాటలాడక, కుండను మరల ఉట్టిలో పెట్టి వచ్చెను. ఉన్న రెండెకరములలో ఒకటి చపాటకు విడిచిరని పిమ్మట తెలిసినది.

సంక్రాంతి దాటినపిమ్మట కోత. దానికి ఛత్తీస్‌గఢ్‌నుండి కూడ కూలిస్త్రీలు కుటుంబములతో వత్తురు. తేజ కోసినవారి చేతులు రాత్రి నిద్రపట్టనీయక మండును, కొబ్బరినూనె రాచుకొందురు. చపాట అంతగా బాధింపదు. మాఘఫాల్గుణములలో వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు పోయినచో కనుచూపుమేర ఎర్రని బస్తాలే. అక్కడ కొంగు ముక్కునుండి తీయరాదు.

ఇంటిలో వాడుకొను సోదరీమణులకు రెండు మాటలు. ఆవకాయకు చపాట కారము మాత్రమే వేసినచో రంగు కుదురును గాని చప్పబడును. రెండు పాళ్లు చపాటకు ఒక పాలు తేజ కలుపవలెను. పెరడు లేనివారు కుండీలో నొక మొక్క నిలుపవచ్చును. నీరు నిలిచినచో వేరు కుళ్లును గనుక కుండీ అడుగున రంధ్రము మరువరాదు. ఆ పెద్దావిడ నా కొంగున కట్టిన పిడికెడు గింజలలో పదునాలుగు మొలచినవి. మూడు నేనుంచుకొని మిగిలినవి ఇరుగుపొరుగు వారికి పంచితిని.