నీటి వేగము

యోబు గ్రంథము 28వ అధ్యాయమును మీరు అనేక పర్యాయములు చదివియుందురు. వ్రేలాడుచు గనులలోనికి దిగువారిని గూర్చియు, నీటికి అడ్డుకట్ట వేసి మరుగైనదానిని వెలుగులోనికి తెచ్చువారిని గూర్చియు, బంగారు పొడిగల మన్నును గూర్చియు అక్కడ చెప్పబడియున్నది. వేదాంత కళాశాలలో నేను ఈ అధ్యాయముమీద 18 పుటల వ్యాసము వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. అయినను దాని అర్థము నాకు తెలిసివచ్చినది కళాశాలలో కాదు. కుప్పము ప్రక్కన ఒక పల్లెలో, ఒక పెద్దాయన పెరటిలో, నాలుగడుగుల కొయ్య పెట్టెయొద్ద. ఆ సంగతిని నేడు మీతో చెప్పగోరుచున్నాను. ఇందులో నా తప్పు ఒకటి కలదు, దానిని దాచను.

నేను గురుత్వాభిషేకము పొంది ఆ పల్లె సంఘమునకు వచ్చిన కొలది కాలమునకే, 2001 ఫిబ్రవరి 28న, కోలారు బంగారు గనులు మూతపడినవి. కుప్పము మన చిత్తూరు జిల్లాకు పడమటి కొన. ఒకే అరుగుమీద తెలుగు, అరవము, కన్నడము మూడును వినబడు చోటు. అక్కడినుండి రైలెక్కి బంగారుపేట చేరి, అక్కడ మరియొక బండి పట్టుకొని గనులకు పోయి పని చేసిన కుటుంబములు మా సంఘములో కొన్ని యుండెను. నూట ఇరువది ఏండ్ల కాలములో సుమారు 800 టన్నుల బంగారమునిచ్చిన గనులవి. మూడు కిలోమీటర్లకు మించిన లోతువరకు మనుష్యులు దిగి త్రవ్విన చోటది. అది మూతపడిన యేడు మా కానుకల సంచిలో నోట్లు పోయి చిల్లర మిగిలెను.

ఆ కుటుంబములలో మా సంఘపు పెద్ద ఒకాయన గలడు. ఆయన ముప్పది ఏండ్లు గని లోపల కాక, పైన రాయి దంచు మిల్లులో పని చేసినవాడు. పొడిగా దంచిన రాతిని నీటితో కలిపి, గరుకు గుడ్డ పరచిన వాలు బల్లలమీద పారించుట ఆయన పని. గుడ్డ నూలులో బంగారము చిక్కుకొనును, రాతిపొడి కొట్టుకొనిపోవును. పని పోయిన తరువాత ఆయనకు సెంటు భూమియైనను లేదు. చేతిలోనున్నది ఆ విద్య యొక్కటే. కాబట్టి పాత పలకలతో ఒక పెట్టె చేసికొని, కుప్పములోను చిత్తూరులోను నగలు చేయువారి అంగళ్ళలో ఊడ్చిన మన్నును, కుంపటి బూడిదను, వారి వీధి కాలువ మట్టిని మూటలుగా కొనితెచ్చి కడుగ నారంభించెను. ఆకురాయితో రాచునప్పుడు రాలిన పొడి, తీగె తునకలు ఆ మన్నులో కలిసియుండును.

ఆ పెట్టెను ఇంగ్లీషువారు స్లూయిస్ బాక్సు అందురు. ఆయన దానిని కాలువ పెట్టె అనెడివాడు. అడుగున ఒక పలక, ప్రక్కల రెండు పలకలు. పైనను, రెండు కొనలను మూత లేదు. పొడవు నాలుగడుగులు, వెడల్పు జానెడు. అడుగు పలకమీద గోనెపట్ట పరచి, దానిమీద అడ్డముగా సన్నని కొయ్య పట్టీలను రెండంగుళముల యెడముతో బిగించియుండెను. తలవైపు కొనను ఇటుకలమీద ఎత్తిపెట్టి, అడుగుకు అంగుళము చొప్పున వాలు వచ్చునట్లు సరిచూచెడివాడు.

దాని మర్మమంతయు బరువులో నున్నది. నీటికంటె ఇసుక రెండున్నర రెట్లకు కొంచెము మించిన బరువు. ఇనుము కలిసిన నల్ల ఇసుక అయిదు రెట్లు. మేలిమి బంగారము పందొమ్మిది రెట్లు. నగల బంగారములో రాగి కలియుటచేత కొంత తగ్గినను, ఇసుకకంటె అది ఎంతో బరువైనదే. నీరు అడ్డుపట్టీమీదుగా దూకగానే పట్టీ వెనుక ఒక చిన్న సుడి పుట్టును. ఆ సుడిలో తేలికైనది పైకి లేచి సాగిపోవును. బరువైనది పట్టీ మాటున దిగి గోనె నూలులో దాగును. పూర్వము కాకసస్ కొండలలో జనులు గొఱ్ఱె తోళ్ళను ఏటిలో పరచి బంగారు నలుసులను పట్టుకొనిరని స్ట్రాబో అను గ్రీకు రచయిత వ్రాసెను. 1556లో అచ్చైన అగ్రికోలా పండితుని గనుల గ్రంథములోను ఇట్టి పెట్టెల బొమ్మలు కలవు. పలక మారినది, పట్టా మారినది, పద్ధతి మారలేదు.

ఈ పని మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. బంగారపు మన్నును కడిగి బ్రదుకువారికి తెలుగులో జలగడుగువారని పేరు కలదు. బ్రౌను దొర తన నిఘంటువులో ఆ మాటను చేర్చెను. 1802లో మైసూరు తూర్పు సరిహద్దును కొలుచుటకు వచ్చిన లెఫ్టినెంటు వారెన్ ఎదుట ఆ చుట్టుప్రక్కల గ్రామస్థులు మట్టిని బండిమీద తెచ్చి, నీటితో కడిగి, బంగారము తీసి చూపించిరి. పెద్ద యంత్రములు రాకమునుపే ఆ నేలలో ఏమి దాగియున్నదో మన పల్లెటూరివారి చేతులకు తెలిసియుండెను.

ఇక నా తప్పు.

గని మూతపడిన తరువాత మా పల్లెలో త్రాగుడు పెరిగెను. ఇరువదినాలుగేండ్ల యౌవనస్థుడొకడు, తండ్రి పని తనకు వచ్చునని ఎదురుచూచి నిరాశపడినవాడు, ఆ దురభ్యాసములో పడెను. 2002లో శ్రమల వారపు ఆరాధనకు అతడు త్రాగి వచ్చి వెనుక చాపమీద కూర్చుండెను. అల్లరి చేయలేదు, తల వంచుకొని యుండెను. నాకప్పుడు 32 ఏండ్లు. సంఘమును శుద్ధిచేయవలెనను ఆసక్తి నన్ను దహించుచుండెను. నేను ప్రసంగము నాపి, అతని పేరు పెట్టి పిలిచి, తల్లి వినుచుండగా, అందరియెదుట వెలుపలికి పొమ్మంటిని. ప్రభువు బల్లకు అతడు రాకూడదని కూడ చెప్పితిని. అతడు లేచి చెప్పులు చేత పట్టుకొని వెళ్ళిపోయెను. ఆ రాత్రియే బెంగుళూరు బండి ఎక్కెనని మరునాడు తెలిసినది. మంచి పని చేసితినని నేను నెమ్మదిగా నిద్రపోతిని.

పెద్దాయన ఆ దినమున నాతో ఏమియు అనలేదు. తరువాతి వారము నన్ను పెరటికి పిలిచి, "అయ్యగారూ, ఈ పొద్దు నా నడుము పట్టుకొనింది. మీరు రోంత నీళ్ళు పోస్తారా?" అని అడిగెను. మన్నును ఆయన ముందుగానే సిద్ధపరచియుండెను. దారపు పోగులు, బొగ్గు కాలిపోవునట్లు దానిని కాల్చి, జల్లించి, ఆకురాయినుండి రాలిన ఇనుపపొడిని అయస్కాంతముతో ఏరివేసి, రాత్రియంతయు నానబెట్టియుండెను. ఆయన గుప్పెడు గుప్పెడుగా మన్ను వేయుచుండగా నేను బిందెతో నీరు పోసితిని. త్వరగా ముగించవలెనని బిందె నిండ గుమ్మరించితిని. మురికి అంతయు క్షణములో కొట్టుకొనిపోయి పెట్టె తళతళలాడెను. నాకు సంతోషమాయెను.

ఆయన గోనెపట్టను తీసి తొట్టిలో జాడించి, అడుగున దిగినదానిని కొయ్య మరిగెలో పోసి, మెల్లగా త్రిప్పి చూపెను. నల్ల ఇసుక కూడ కొంచెమే యుండెను, మెరుపు లేదు.

"చూస్తిరా అయ్యగారూ? నీళ్ళు జాస్తి ఇడిస్తే ఇసకతో పాటు బంగారూ పోతాది. తక్కువ ఇడిస్తే ఇసక పట్టీల్లో గట్టిగా కూరుకుంటాది, బంగారు నిలిచేదానికి చోటే ఉండదు. చెయ్యి నీళ్ళ మీద, కండ్లు పట్టీ మీద ఉండాల."

అంతమాత్రమే చెప్పి ఆయన ఊరకుండెను. ఆ యౌవనస్థుని పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరము లేకపోయెను.

ఆయన పెట్టె క్రింది కొనయొద్ద ఎల్లప్పుడు ఒక తొట్టి యుండును. కొట్టుకొనిపోయిన మన్నంతయు అందులో చేరును. ఆ దినమున దానిని తానే తీసి, చెంబుతో సన్నని ధార పోయుచు, మరల పెట్టెమీద పారించెను. రెండు గంటలు పట్టెను. తుదకు మరిగె అంచున వెండ్రుకవలె ఒక పసుపు గీత కనబడెను. "పారబోసే మన్నును ఇంకొకతూరి చూడకుండా పారబోయకూడదు," అనెను. పాదరసము పోసినయెడల ఈ శ్రమ తగ్గును గదాయని నేనడుగగా ఆయన తల అడ్డముగా ఊపెను. పాదరసము బంగారపు నలుసులను ఇట్టే పట్టుకొనును గాని, తరువాత కాచునప్పుడు లేచు ఆవిరి నరములను చెరుపును. త్వరపడువాడు తన యింటివారికే విషము పెట్టునని ఆయన అభిప్రాయము.

ఆ పాఠము నాకు అర్థమాయెను గాని నేను దానికి లోబడలేదు. బెంగుళూరు ఎంత దూరము? కుప్పమునుండి రైలులో కొన్ని గంటలు. అయినను నేను పోలేదు. గురువు వెళ్ళి క్షమాపణ అడిగినచో క్రమశిక్షణ ఏమగునని నాకు నేనే వాదము చెప్పుకొంటిని. తరువాత నాకు ఇతర సంఘములకు బదిలీలైనవి. పెద్దాయన 2011లో ప్రభువునందు నిద్రించెను. ఆయన కుమార్తె ఆ పెట్టెను నాకు పంపెను. అది నేడు తిరుపతిలో నా గదిలో పుస్తకముల బీరువామీద నున్నది.

2024లో ఒక దినమున పత్రికలో ఒక వార్త చదివితిని. కోలారు గనులయొద్ద మిల్లులనుండి వెలువడిన రాతిపొడి గుట్టలుగా పేరుకొనియున్నది. సయనైడు గుట్టలని జనులు వాటికి పేరు పెట్టిరి. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇండ్లమీద పడి ప్రజలు బాధపడుచుండిరి; పనికిరాని చెత్తయని అందరును అనుకొనిరి. అట్టి 13 గుట్టలలో ఇంకను మిగిలియున్న బంగారమును తీయు ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గము సమ్మతించెనని ఆ వార్త. మిక్కిలి సన్నని నలుసులు నీటితో పోయినవి, రాతి రేణువులలో బంధింపబడినవి ఆ గుట్టలలో నిలిచియున్నవి. నేను పత్రిక క్రింద పెట్టి బీరువామీది పెట్టెను చూచితిని. మనుష్యులు పనికిరాదని పారవేసిన దుమ్మును మరల చూడవచ్చినప్పుడు, నేను పారవేసిన మనుష్యుని చూడబోవుటకు నన్ను అడ్డగించినదేమి?

అతని చెల్లెలియొద్ద చిరునామా తీసికొని బెంగుళూరు వెళ్ళితిని. అతడొక చిన్న పంక్చరు అంగడి నడుపుచున్నాడు. తల నెరసినది. త్రాగుడు మాని పదేండ్లు దాటినదట. అందులో నా ప్రయాసము ఏమియు లేదు. నేను నిలువబడియే క్షమింపుమని అడిగితిని. అతడు చేతిలోని ట్యూబును నీటిలో ముంచి, బుడగలు వచ్చు చోటును చూచుచు చాలసేపు మాటలాడలేదు. తరువాత ఇట్లనెను:

"నా మాట అట్లుండనీండి అయ్యగారూ. మా యమ్మ ఉన్నన్ని దినాలు ఆ గుడిలో ఎనక వరసలోనే కూసునింది. మీరున్నప్పుడు ఒక్కతూరన్నా ఆమెను ముందుకు రమ్మంటిరా?"

నాయొద్ద జవాబు లేదు. ఒకని వెలుపలికి పంపితినని ఇరువదిరెండేండ్లు అనుకొంటిని. ఇద్దరిని పోగొట్టుకొంటినని ఆ దినమున తెలిసినది. అతడు ప్రక్క హోటలునుండి కాఫీ తెప్పించెను. బస్సు వచ్చువరకు నాతో నిలువబడెను. మరల మా సంఘమునకు రమ్మని నేను అడుగలేదు. అడుగుటకు నాకు హక్కు కనబడలేదు. బస్సు కదలునప్పుడు, "ఊరికి పోతే అమ్మ సమాధికాడ ఒక ప్రార్థన చెయ్యండి," అనెను. చేసితిని.

ప్రియ చదువరులారా, కడుగుట మానుడని నేను చెప్పుటలేదు. కడుగని మన్నులో బంగారము కనబడదు. నీరు చాలని పెట్టెలో ఇసుక పేరుకొనును. పాపమును చూచియు చూడనట్లు ఊరకుండు సంఘము అట్టిది. కాని నీరు ఎక్కువైన పెట్టె శుభ్రముగా కనబడును, తళతళలాడును, అందులో ఏమియు మిగులదు. గోధుమలను గురుగులను గూర్చిన ఉపమానములో యజమానుడు దాసులను ఆపినది ఈ భయముచేతనే గదా. తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును, సంఘపు పెద్దలకును, అందరికంటె ముందుగా గురువులకును దేవుడు ఒక బిందె ఇచ్చియున్నాడు. దానిని ఎంత వంచవలెనో తెలియవలెనన్న పట్టీమీదనుండి కన్ను తీయకూడదు.

మీరు గుమ్మరించిన నీటిలో ఎవరైనను కొట్టుకొనిపోయియున్నయెడల, క్రింది తొట్టిని ఒకమారు చూడుడి. నావలె ఇరువదిరెండేండ్లు జాగు చేయకుడి. అప్పటికి వెనుక వరుసలోని తల్లి లేకపోవచ్చును.