కందం దాగిన గుట్ట
సారంగాపూర్ మండలం పెంబట్లలో దుబ్బరాజన్నను దర్శించుకున్నవాళ్లు జగిత్యాల మీదుగా కొండగట్టు అంజన్నకూ మొక్కి ఇంటిదారి పడతారు. కరీంనగర్ రోడ్డులో మరికాస్త ముందుకెళితే గంగాధర మండలం కురిక్యాల. అక్కడే ఉంది బొమ్మలగుట్ట!

రాతిపై చక్రేశ్వరి, తీర్థంకరుల బొమ్మలు. ఆ రాతి మీదే క్రీ.శ. 945 ప్రాంతపు శాసనం. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించాడు. సంస్కృతం, కన్నడంతోపాటు అందులో తెలుగు కందపద్యాలు మూడున్నాయి. నన్నయ భారతం కంటే దాదాపు వందేళ్లు పాతవి! 2008లో తెలుగుకు ప్రాచీన హోదా రావడానికి చూపిన ఆధారాల్లో ఇదీ ఒకటి.

కరీంనగర్ ప్రాంతంలో గ్రానైట్ కోసం గుట్టలెన్నో కరిగిపోయాయి. ఈ గుట్టకూ ఆ ముప్పు ముంచుకొస్తే చరిత్రాభిమానులు అడ్డం తిరిగారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే గుట్టెక్కాలి. మంచినీళ్లు మరవొద్దు.