తిమింగిల దర్శనం

మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలని మన ఆలంకారికులు నిర్ణయించారు. వాటిలో సముద్ర వర్ణన ఒకటి. నల్లగొండ జిల్లాలో తాగునీటికే కరవైన ఒక పల్లెలో పుట్టిన నేను ఇరవై రెండేళ్ళు వచ్చేవరకు సముద్రాన్ని కన్నులారా చూడలేదు. ఆ తరువాత చూసింది కూడా విశాఖపట్నం ఒడ్డున పంట్లాము మడుచుకొని, కాళ్ళు తడుపుకొన్నంత మేరకే. అయినప్పటికీ సముద్ర వర్ణనలను పాఠం చెప్పడానికి ఈ లోపం నాకెన్నడూ అడ్డు రాలేదు. తరంగాలు, పగడాలు, ముత్యపు చిప్పలు, మొసళ్ళు, తిమితిమింగిలాలు అన్నింటినీ పద్యాలలోనే చూశాను. పద్యాలలో నుంచే పిల్లలకు చూపించాను.

ముఖ్యంగా తిమింగిల శబ్దం దగ్గరకు వచ్చేసరికి నాకు ఎక్కడ లేని ఉత్సాహం వచ్చేది. 'తిమి' అంటే ఒక మహామత్స్యం. ఆ తిమిని మింగేది కనుక తిమింగిలం. మన వాడుకలో అదే తిమింగలమైంది. తిమింగిలాన్ని మింగేది తిమింగిలగిలం. దానిని కూడా మింగే రాఘవమనే చేప ఒకటి ఉన్నదని ఒక చాటుశ్లోకం చమత్కరిస్తుంది. అమరకోశం తిమింగిలాన్ని మత్స్యాల వరుసలోనే చేర్చింది. ఇంతటి ఆధారం చేతిలో ఉండగా ఇక సందేహమెందుకు?

1994వ సంవత్సరం. నేను అధ్యాపకుడిగా చేరి అప్పటికి రెండేళ్ళు. ప్రబంధాలలోని ప్రకృతి వర్ణనలపై పరిశోధన మొదలుపెట్టిన రోజులు. ఒక జూనియర్ కళాశాలలో బై.పి.సి. విద్యార్థులకు తెలుగు పాఠం చెబుతూ, "తిమింగిలము: మిక్కిలి పెద్ద చేప" అని నల్లబల్ల మీద రాశాను. మూడో వరుసలోని ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, తిమింగలం చేప కాదు సార్. పిల్లలకు పాలిచ్చే జంతువు. జువాలజీలో చెప్పారు" అన్నది.

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. హైస్కూలులో ఎప్పుడో చదివినదే. కాని ప్రవాహంగా సాగుతున్న వ్యాఖ్యానం మధ్య పదిమందిలో పట్టుబడ్డాననిపించింది. "అయితే రేపటి నుంచి మీ ఇంటికి పాలు అదే పోస్తుందిలే, కూర్చో" అన్నాను. తరగతి గొల్లుమన్నది. ఆ అమ్మాయి కూర్చున్నది. ఆ సంవత్సరం మళ్ళీ ఆమె నన్నేదీ అడగలేదు. నేను కూడా ఆ సంఘటనను ఒక చమత్కారంగానే గుర్తుంచుకొన్నాను. స్టాఫ్ రూములో రెండు మూడు సార్లు చెప్పి నవ్వించాను కూడా.

2023 జూలైలో మా దంపతులం అమెరికా వెళ్ళాము. మా అమ్మాయి బోస్టన్ నగర సమీపంలో ఉద్యోగం చేస్తున్నది. "నాన్నా! చిన్నప్పటి నుంచి నువ్వు చెబుతున్న తిమింగలాలను ఈసారి నేను నీకు చూపిస్తాను" అంటూ టిక్కెట్లు కొన్నది.

రేవులో మా కోసం నిలిచి ఉన్నది మూడంతస్తుల నావ. దానిని కెటమరాన్ అంటారని మా అమ్మాయి చెప్పింది. ఆ మాట వినగానే నాలోని పండితుడు మేల్కొన్నాడు. అది తమిళుల 'కట్టుమరం' కదా! దుంగలను తాళ్ళతో కట్టుకొని, ప్రాణాలకు తెగించి సముద్రంలోకి వెళ్ళే బెస్తవారి తెప్ప పేరు అది. ఆ పేరు పెట్టుకొన్న ఈ నావలో మెత్తని ఆసనాలు, నిలువుటద్దాల కిటికీలు, వెచ్చని గది, కాఫీ, తినుబండారాలు అమ్మే అంగడి ఉన్నాయి. చేతిలో కాఫీ కప్పుతో కిటికీ పక్కన కూర్చొని సముద్రాన్ని దాటుతున్నందుకు కొంచెం సిగ్గు కలిగిన మాట నిజం. కాఫీ మాత్రం బాగున్నది.

నావ రేవు విడిచి, దీవుల మధ్యగా సాగింది. 1716లో అక్కడ వెలిగించిన దీపస్తంభం అమెరికా వలస రాజ్యాలలో మొట్టమొదటిదట. నేడున్న కట్టడం 1783 నాటిది. అది దాటాక నావ వేగం పుంజుకొన్నది. ఒడ్డున ఎండ మండుతుండగా, నడిసముద్రంలో చలిగాలి ఎముకలు కొరికింది. మా ఆవిడ ముందుచూపుతో శాలువాలు తెచ్చింది. కడుపులో తిప్పకుండా ఉండడానికి ఆమె సంచిలో అల్లం మురబ్బా కూడా ఉన్నది. పక్క వరుసలోని వారికి కూడా తలా ఒక ముక్క పంచింది.

నావలో ఒక వ్యాఖ్యాత్రి ఉన్నది. ఇరవై అయిదేళ్ళు దాటి ఉండవు. సముద్ర జీవశాస్త్రం చదువుకొన్నది. కాళిదాసు కావ్యాలకు మన మెతుకుసీమ కొలిచెలమ మల్లినాథసూరి ఎటువంటివాడో, ఆ సముద్రానికి ఆ అమ్మాయి అటువంటిది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ విప్పి చెప్పాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో ఆమెకు బాగా తెలుసు. మేము వెళ్తున్న చోటు పేరు స్టెల్‌వాగన్ బ్యాంక్ అని మైకులో చెప్పింది. అది సముద్రంలో మునిగి ఉన్న ఇసుక మెట్ట. పూర్వం హిమానీనదాలు మోసుకువచ్చిన ఇసుక, కంకర అక్కడ మేటలు వేశాయి. 1854లో దాని పటం గీసిన నౌకాదళాధికారి పేరే దానికి వచ్చింది. లోతైన నీటిలోని ప్రవాహం ఈ మెట్టకు కొట్టుకొని పైకి లేస్తుంది. దానితోపాటు అడుగున ఉన్న పోషకాలు వెలుగులోకి వస్తాయి. వాటివల్ల సూక్ష్మజీవులు, వాటిని తిని జానెడు పొడవుండే సన్నని చేపలు పెరుగుతాయి. ఆ చేపల కోసమే తిమింగిలాలు వస్తాయి. ఈ ప్రాంతాన్ని 1992లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు.

దాదాపు గంట ప్రయాణం తరువాత నావ నెమ్మదించింది. నావ ముక్కును గడియారంలో పన్నెండుగా భావించమని ఆ అమ్మాయి ముందే చెప్పింది. "రెండు గంటల దిక్కున!" అని ఆమె అనగానే మూడు వందల మందిమి ఒక్కసారిగా కుడివైపుకు తిరిగాము.

మొదట కనబడింది ఊపిరి. నీటి మీద నుంచి తెల్లని ఆవిరి స్తంభం ఒకటి లేచి, గాలిలో చెదిరిపోయింది. చాలా బరువు మోసేవాడు దించి నిట్టూర్చినట్లు ఒక పెద్ద చప్పుడు. ఆ వెనుకే నల్లని వీపు, దాని మీద చిన్న మూపురం. గాలి మావైపు తిరిగేసరికి ఆ ఊపిరి మమ్మల్ని తాకింది. అబ్బ, ఏమి నీచు కంపు! ముప్ఫయి ఏళ్ళు పద్యాలు చదివాను, ఏ కవీ ఈ కంపును గురించి నాకు చెప్పలేదు.

అది హంప్‌బ్యాక్ తిమింగిలం. పొడవు పదిహేను మీటర్ల దాకా పెరుగుతుంది. దాని ముందు రెక్కలు దేహంలో మూడో వంతు ఉంటాయి. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు మెగాప్టెరా నోవియాంగ్లియే. 'న్యూ ఇంగ్లండుకు చెందిన పెద్ద రెక్కలది' అని అర్థం. అంతటి దేహం ఉన్నా దానికి పళ్ళు లేవు. పై దవడ నుంచి మన గోళ్ళ వంటి పదార్థంతో చేసిన పలకలు జల్లెడలాగా వేలాడుతాయి. నోరారా నీటిని పట్టి, ఆ జల్లెడ గుండా నీటిని వదిలేసి, మిగిలిన చిన్న చేపలను మింగుతుంది. గొంతు ఎంతో ఇరుకు. మనిషిని మింగడం కూడా దానివల్ల కాదు. ఇక తిమిని ఏమి మింగుతుంది! మన శబ్దం దానికి ఎంత అన్యాయం చేసిందో అనుకొన్నాను.

అంతలో పెద్ద వీపు పక్కనే చిన్న వీపు ఒకటి తేలింది. పెద్దది ఒకసారి ఊపిరి వదిలితే, చిన్నది హడావుడిగా రెండు మూడు సార్లు వదిలేది.

"ఏమండీ, పిల్ల! తల్లి పక్క నుంచి అంగుళం కదలడం లేదు చూడండి" అన్నది మా ఆవిడ. ఆమె చలిని మరచిపోయి చుట్టగోడ పట్టుకొని వంగి చూస్తున్నది.

తల్లి ఆ పిల్లను ఎక్కడో దక్షిణాన, కరేబియన్ సముద్రపు వెచ్చని నీళ్ళలో కన్నదని వ్యాఖ్యాత్రి చెప్పింది. అక్కడ తల్లికి దాదాపు ఆహారమే ఉండదు. తన ఒంటి కొవ్వును కరిగించుకొంటూ పిల్లకు పాలిస్తుంది. ఆ పాలు వెన్నలాగా చిక్కగా ఉంటాయి. నెలల తరబడి అలా పస్తులుండి, పిల్లను వెంటబెట్టుకొని రెండు వేల కిలోమీటర్లకు పైగా ఈదుకొంటూ ఇక్కడికి చేరితే గాని దానికి మళ్ళీ కడుపునిండా తిండి దొరకదు. ఇంతలో పిల్ల ఒక్క క్షణం తల్లి కిందికి దిగి కనబడకుండా పోయింది. "బహుశా పాలు తాగుతున్నదేమో" అన్నది ఆ అమ్మాయి.

పాలు అనే మాట నా చెవిలో పడగానే మూడో వరుస బెంచీ కళ్ళముందు నిలిచింది. "రేపటి నుంచి మీ ఇంటికి పాలు అదే పోస్తుందిలే." ఇరవై తొమ్మిదేళ్ళుగా చమత్కారమనుకొన్న మాట అది. దానిని ఆ సముద్రం మధ్య మొదటిసారి ఆ అమ్మాయి చెవులతో విన్నాను. నిజం చెప్పినందుకు ఆమెను నలభై మంది చేత నవ్వించాను.

తల్లి లోతుకు దిగబోతూ తోకను ఎత్తింది. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. ఇది అడ్డంగా, విచ్చిన రెండు విసనకర్రల లాగా పైకి లేచి, నీరు జాలువారుస్తూ మెల్లగా మునిగిపోయింది. తోక అడుగున తెలుపు, నలుపు మచ్చలున్నాయి. మన వేలిముద్రల వలె ఆ మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవట. వాటిని ఛాయాచిత్రాలు తీసి పోల్చుకొని, ఒక్కొక్క తిమింగిలానికీ పేరు పెట్టుకొన్నారు. 1970ల నడుమ నుంచి అక్కడివారికి పరిచయమున్న ఒక ఆడ తిమింగిలం పేరు సాల్ట్, అంటే ఉప్పు. దానికి డజనుకు పైగా పిల్లలు. వాటిలో ఒకదాని పేరు సంచల్. మన నల్ల ఉప్పుకు గుజరాతీలు వాడే పేరు! ఆయుర్వేదంలోని సౌవర్చల లవణం నాకు గుర్తుకు వచ్చింది. మేము చూసిన తల్లి పేరు కూడా ఆ అమ్మాయి తోక చూడగానే చెప్పింది. గాలి హోరులో అది నాకు సరిగా వినబడలేదు.

తోక మొదట్లో తెల్లని చారలు కొన్ని కనబడ్డాయి. అవి పుట్టుమచ్చలు కావు. చేపల వలల తాళ్ళు, పీతల బోనుల తాళ్ళు చుట్టుకొని ఒరిసిన గాయాల మచ్చలు. ఆ ప్రాంతపు హంప్‌బ్యాక్ తిమింగిలాలలో సగానికి పైగా వాటి ఒంటి మీద ఇటువంటి మచ్చలు ఉన్నాయని చెప్పింది. ఓడలు ఢీకొనడం మరొక ప్రమాదం. అందువల్లనే 2007లో బోస్టన్ రేవుకు వచ్చే ఓడల దారిని, తిమింగిలాలు ఎక్కువగా తిరిగే చోటు నుంచి కొంత ఉత్తరానికి జరిపారు. మా నావ కూడా దూరం పాటించి, వేగం తగ్గించి నిలిచింది. అయినా ఒక బాలింతరాలి ఇంటి ముందు మూడు వందల మందిమి కెమెరాలతో గుమిగూడామన్న భావన నన్ను విడువలేదు.

తరువాతి వారం మా అమ్మాయి ఊరి గ్రంథాలయంలో ఒక విచిత్రమైన వ్యాజ్యం గురించి చదివాను. 1818లో న్యూయార్కులో, తిమింగిలం నూనెకు చేప నూనె కింద తనిఖీ రుసుము చెల్లించాలా, అక్కరలేదా అని తగవు వచ్చింది. తిమింగిలాన్ని స్తన్యజంతువుల వర్గంలో చేర్చిన లిన్నేయస్ గ్రంథం 1758లోనే వెలువడింది. శామ్యూల్ మిచెల్ అనే పండితుడు న్యాయస్థానానికి వచ్చి, తిమింగిలం చేప కాదని సాక్ష్యమిచ్చాడు. జ్యూరీ కొద్ది నిమిషాలలోనే అది చేపేనని తీర్పు చెప్పింది! 1851లో వెలువడిన 'మోబీ డిక్' నవలలో కథకుడు సైతం తిమింగిలాన్ని చేపగానే భావిస్తానంటాడు. నా వంటివారు ఇంకా ఉన్నారని మొదట ఊరట కలిగింది. కాని ఆలోచించగా, మిచెల్‌కు ఎదురుగా జ్యూరీ మాత్రమే ఉన్నది. మా అమ్మాయి వయసు కూడా లేని ఆ విద్యార్థినికి ఎదురుగా న్యాయమూర్తిని, జ్యూరీని కూడా నేనే.

దసరా సెలవుల తరువాత తరగతిలో సముద్ర వర్ణన ఉన్న పద్యమే వచ్చింది. ఇప్పుడు నేను పనిచేస్తున్న కళాశాల వేరు, పిల్లలు వేరు. ఎప్పటిలాగే వ్యుత్పత్తి చెప్పాను. తిమింగిలగిలం దాకా వచ్చేసరికి ఎప్పటిలాగే నవ్వారు. అప్పుడు, "మన పూర్వులు దీనిని చేప అనుకొన్నారు. ఇది చేప కాదని 1994లో నా తరగతిలోనే ఒక విద్యార్థిని చెప్పింది. నేను ఆమెను ఎగతాళి చేసి కూర్చోబెట్టాను" అని జరిగినదంతా చెప్పాను. తరువాత నావను, ఊపిరిని, తోకను, తోక మచ్చలను బట్టి పేర్లు పెట్టడాన్ని వివరించాను. సంచల్ అనే పేరు వారికి నచ్చింది.

చివరి బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు.

"ఆ అక్క పేరేమిటి సార్?"

నాకు జ్ఞాపకం రాలేదు.